పత్రికావిద్యకు దరఖాస్తు



పదునేడేండ్ల ప్రాయమున, 1864లో, హంగేరీనుండి అమెరికా చేరిన జోసెఫ్ పులిట్జరు పత్రికలవలన ధనమార్జించి, అందు 20 లక్షల డాలర్లు దానమొసగెను. ఆ ద్రవ్యముతో 1912లో కొలంబియా విశ్వవిద్యాలయమున పత్రికావిద్యాలయము వెలసినది.

అట్టి విద్యాలయమొకదానికి మన కులబాలిక యొకతె నిరుడు దరఖాస్తు పెట్టదలచి, ఉద్దేశలేఖను మరియొకరిచే వ్రాయించి నాకు జూపినది. అందు మాటలు గొప్పవే; ఆమె మాత్రము లేదు. వ్రాతవిద్య నేర్వగోరువారు తొలిపుటనే యెరువు దెచ్చుకొనదగునా? ఆమె దానిని చించివైచి, తమ యూరి చెఱువుకట్ట తెగిన రాత్రినిగూర్చి స్వయముగా వ్రాసినది. ప్రవేశము లభించినది, రుసుము చాలక నిలిచియున్నది.

దాతలారా! సిఫారసు లేఖలు చాలును, విద్యానిధిని నింపుడు. ఒక వలసజీవి దానమున తెరచుకొనిన త్రోవ యది. గుమ్మమువఱకు మన బిడ్డ తానే నడచినది. దాటించుట మన వంతు.