బొంతపై కుట్టుపని – పంచాయతీల బాధ్యత

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు – ఇవి పంచాయతీ సమావేశములలో నిత్యము చర్చకు వచ్చు విషయములు. నేడు మేము మీ ముందుంచదలచిన విషయము వీనికంటె చిన్నదిగా కనిపింపవచ్చును. అది బొంతను గూర్చినది. పాత గుడ్డ ముక్కలను అతికి, ఆ అతుకులపై రంగు దారములతో చేతికుట్టు కుట్టి అలంకరించు పనిని గూర్చినది. ఇంటి మూలను పడియుండు బొంతతో పంచాయతీకి ఏమి పని అని మీరు ప్రశ్నింపవచ్చును. ఆ పనిలో స్త్రీల కష్టము ఎంతో ఇమిడియున్నది; ఆ కష్టమును లెక్క కట్టువారు మాత్రము అరుదు. అందుచేతనే ఈ విషయమును మీ యెదుట పెట్టుచున్నాము.

ఒకప్పుడు మన పల్లెలలో బొంత లేని యిల్లు ఉండెడిది కాదు. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలను, పంచెలను మూడు నాలుగు పొరలుగా పరచి, అంచులు సరిచేసి, పెద్ద సూదితో వరుసగా కుట్లు వేసినచో బొంత తయారగును. పసిబిడ్డకు పక్క అదియే. చలికాలమున ముదుసలికి కప్పు అదియే. ఇంత ఉపకారము చేసిన వస్తువును మన భాష మాత్రము చులకన చేసినది. ‘గంతకు తగిన బొంత’ అని సామెత చెప్పుదుము. పొందిక లేని పనిని ‘అతుకుల బొంత’ అని ఆక్షేపింతుము.

జగ్గయ్యపేట ప్రాంతము వారికి ఈ చులకన తగదు. ఆ ఊరి చెంతనున్న ధనంబోడుపై బౌద్ధ స్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ అచ్చట పరిశోధన గావించెను. అచ్చట దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పము చెన్నై ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది. ఆ స్తూపమును ఆశ్రయించిన మతమున భిక్షువుల వస్త్రము అతుకుల వస్త్రమే. మగధ దేశపు వరిమళ్ళను, వాని గట్లను చూపి, ఆ తీరున గుడ్డ ముక్కలను కూర్చగలవా అని బుద్ధుడు ఆనందుని అడిగెననియు, ఆనందుడు అట్లే కుట్టి చూపెననియు వినయ గ్రంథములు చెప్పుచున్నవి. పారవేసిన గుడ్డలను ఏరి, ఉతికి, అతికి ధరించుట ఆ భిక్షువులకు గౌరవము. కావున అతుకు అవమానమను భావమును మనము ముందుగా విడనాడవలెను.

ఇతర దేశములలో ఈ పని ఎట్లు సాగినదో కొంచెము చూతము. మామూలు అతుకుల దుప్పటిలో ముక్కలన్నియు ఒకే కొలతకు కత్తిరింపబడును. అమెరికాలో ‘క్రేజీ క్విల్ట్’ అను మరియొక రకము కలదు. అందు ఏ ముక్క ఆకారము దానిదే. ఒకటి మూడు మూలలది, ఒకటి అయిదు మూలలది, ఒకటి వంకరది. 1876లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన మహా ప్రదర్శనమున జపాను దేశపు వస్తువులను చూచిన పిమ్మట అచ్చటి స్త్రీలకు ఈ తీరుపై మక్కువ పెరిగినదని చెప్పుదురు. 1880 దశకమున అది ఇంటింట వ్యాపించినది. పట్టు, మఖమలు ముక్కలను కూర్చి, ప్రతి అతుకుపైనను రంగు దారముతో ఈకవలెను, చేపముల్లువలెను కుట్లు వేసెడివారు. అయితే ఆనాటి పట్టునకు బరువు కల్పించుటకై లోహ లవణములను పట్టించు ఆచారముండెడిది. అట్టి పట్టు కాలక్రమమున చిట్లి పొడియైనది. నేడు మ్యూజియములలో ఆ దుప్పట్లను చూచినచో, కొన్నిచోట్ల కుట్టు నిలిచియుండగా దాని క్రింది గుడ్డ రాలిపోయినది. చేతిపని ఎంత గొప్పదైనను గుడ్డ మంచిది కానిచో శ్రమ వృథా యగునని ఇది మనకు నేర్పుచున్నది.

మన దేశమున ఇట్టి పనికి కొదువ లేదు. బెంగాలున కాంథా, మహారాష్ట్రమున గోధడి ప్రసిద్ధములు. మనకు మరింత దగ్గరగా, లంబాడీ తండాలలోని కుట్టుపని కలదు. మన మెట్ట ప్రాంతమున, ముఖ్యముగా ఎ. కొండూరు వైపున, తండాలు పెక్కు కలవు. లంబాడీ స్త్రీల సంప్రదాయపు దుస్తులలో ముక్క ముక్కకు అతుకు, అతుకు అతుకునకు కుట్టు, మధ్య మధ్య అద్దములు, గవ్వలు కనిపించును. రంగులు ఎన్ని కలిసినను కన్నునకు ఇంపుగానే ఉండును. అమెరికా స్త్రీలు ప్రదర్శనము చూచి నేర్చిన విద్యను మన తండాలలోని అవ్వలు తల్లుల వద్ద నేర్చినారు.

ఇక పని విధానమును వివరింతుము. మీ గ్రామములలోని మహిళా సంఘములకు దీనిని తెలుపగలరు.

మొదట ముక్కల సంగతి. పాత నూలు చీరలు, దర్జీ దుకాణములలో మిగులు జాకెట్టు గుడ్డ పేలికలు చాలును. కొత్త ముక్కలను ఉతికి ఆరవేసిన పిదపనే వాడవలెను. లేనిచో తరువాత కుంచించుకొనిపోయి ప్రక్క ముక్కను లాగును. రంగు నిలుచునో లేదో పరీక్షించుటకు ముక్కను తడిపి తెల్ల గుడ్డపై అదిమి చూడవలెను. ఎరుపు, నీలి రంగుల విషయమున ఈ పరీక్ష తప్పనిసరి. నూలును పాలియెస్టరును కలుపకుండుట మేలు. ఇస్త్రీ వేడికి ఒకటి తాళును, ఒకటి తాళదు. పట్టుకొని లాగినంతనే చిరుగు పాత గుడ్డను నిర్దాక్షిణ్యముగా తీసివేయవలెను.

తరువాత చదరములు. దుప్పటినంతయు ఒక్కసారిగా కుట్టుట కష్టము. చదరములుగా కుట్టి చివర కలుపుట సులభము. 12 అంగుళముల చదరము కావలెనన్నచో 13 అంగుళముల అడుగు గుడ్డ తీసికొనవలెను, ఏలయన కుట్టుపని గుడ్డను కొంత లోనికి లాగును. అడుగు గుడ్డ మధ్య అయిదు అంచుల ముక్కనొకదానిని ఉంచవలెను. దానిపై రెండవ ముక్కను బోర్లించి, ఒక అంచు వెంట పావు అంగుళము లోపలగా కుట్టి, తిరగవేసి, గట్టిగా అదుమవలెను. ఇట్లే చుట్టును ముక్కలు చేర్చుచు పోయినచో అడుగు గుడ్డ పూర్తిగా కప్పబడును.

ఇప్పుడు అలంకారము. గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు, ఈక కుట్టు – ఈ నాలుగు వచ్చినచో పని మొదలుపెట్టవచ్చును. ప్రతి అతుకుపైనను ఏదో ఒక కుట్టు పడవలెను. ఇది అందము కొరకు మాత్రమే కాదు. అతుకు బొంతకు బలహీనమైన చోటు. అతుకునకు ఈ ప్రక్కను, ఆ ప్రక్కను పట్టుకొని నడచు కుట్టు లాగుడును రెండు ముక్కలకు పంచి, అతుకు విడివడకుండ కాపాడును. ముక్కల మధ్య ఖాళీలలో మన పొలములందలి పత్తికాయ, మిరపకాయ, చిలుక వంటివి కుట్టవచ్చును. అద్దమును నిలుపుటకు ముందుగా దానిపై దారములను అడ్డముగను నిలువుగను బిగించి, ఆ దారములను పట్టుకొని చుట్టును కుట్టవలెను. అయితే అద్దములు, గవ్వలు గోడకు వ్రేలాడదీయు వానికి, సంచులకు మాత్రమే తగును. పడుకొను దుప్పటికి అవి గ్రుచ్చుకొనును. పసిపిల్లల బొంతకు పూసలు, గవ్వలు అసలు కూడదు.

కుట్టుపని ముగిసిన పిమ్మట చదరమును 12½ అంగుళములకు కత్తిరించవలెను. కలుపునప్పుడు నలుప్రక్కల పావు అంగుళము కుట్టులోనికి పోగా సరిగా 12 అంగుళములు మిగులును. అట్టి చదరములు 30 కలిపినచో 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గల దుప్పటి యగును. అడుగున నూలు అస్తరు వేసి, అక్కడక్కడ ముడులు వేసి పొరలను కలుపవలెను.

సోదరులారా! ఇంతవరకు చెప్పినది కుట్టు సంగతి. ఇక అసలు సంగతికి వచ్చుచున్నాము. ఒక్కొక్క చదరమునకు 4 గంటల పని పట్టుననుకొందము. 30 చదరములకు 120 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 15 పనిదినములు. కలుపుటకు, అస్తరు వేయుటకు మరి 3 దినములు. మొత్తము 18 దినములు. మీ ఊరిలో మిరపకాయల కోతకు దినమునకు ఎంత కూలి ఇచ్చుచున్నారో మాకంటె మీకే బాగుగా తెలియును. దానిని 18చే గుణించి, దారము ఖర్చు కలిపి చూడుడు. ఆ మొత్తమునకు తక్కువగా ఆ దుప్పటి అమ్ముడుపోయినచో, కుట్టిన ఆమె మిరప తోటకు పోయియున్న యెడల మేలుగా నుండెడిది.

‘ఆడవారు తీరిక వేళ కుట్టుకొందురు, నాలుగు డబ్బులు వచ్చిన చాలదా’ అను మాటను మనము తరచుగా వినుచున్నాము. ఈ మాట ఎంత నష్టము చేయునో నరసాపురము చరిత్ర చెప్పుచున్నది. అచ్చటి లేసు విదేశములకు ఎగుమతియై పేరు పొందినది. మరియా మీస్ అను జర్మన్ సమాజశాస్త్రవేత్త్రి ఆ లేసు అల్లు స్త్రీలను గూర్చి పరిశోధించి 1982లో గ్రంథము ప్రకటించెను. దినమున పెక్కు గంటలు అల్లుచున్నను వారిని శ్రామికులుగా గాక, తీరిక వేళ గడుపుకొను గృహిణులుగా చూచుటచేతనే వారి కూలి అంత తక్కువగా ఉండినదని, లాభము వర్తకులకు చేరినదని ఆమె తేల్చి చెప్పెను. పని ఇంటిలో జరిగినంత మాత్రమున అది పని కాకపోదు.

దీనికి మారుగా ఒక మంచి దృష్టాంతమును చెప్పుదుము. కర్ణాటకమున సండూరు లంబాడీ స్త్రీల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జులైలో జి–20 సమావేశము హంపీలో జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు కుట్టిన 1755 అతుకుల పని వస్తువులను ప్రదర్శింపగా, అది గిన్నిస్ రికార్డులకు ఎక్కినది. మన జిల్లాలోనే కొండపల్లి బొమ్మ తన ఊరి పేరుతో దేశమంతట తిరుగుచున్నది. సంఘముగా నిలిచి, తమ ఊరి పేరుతో అమ్ముకొనువారికి బేరమాడు శక్తి కలుగును. ఒంటరిగా గడపలో కూర్చుండి కుట్టు స్త్రీకి ఆ శక్తి లేదు.

ఇందు పంచాయతీ చేయదగినదేమి? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు, వృత్తి శిక్షణ, సంతలు, తిరునాళ్ళు, స్త్రీ శిశు సంక్షేమము – ఇవన్నియు వానిలోనివే. కావున ఇది మీ అధికార పరిధికి వెలుపలి మాట కాదు.

మొదటిది: మీ గ్రామమున కుట్టు తెలిసిన పెద్ద వయస్సు స్త్రీలెవరో విచారించుడు. వారిని బడి సెలవు దినములలో పిల్లలకు నేర్పుమని కోరుడు. నేర్పినందుకు ప్రతిఫలము ఇప్పించుడు. రెండవది: పాత లంబాడీ దుస్తులను స్వల్ప ధరకు కొని, ముక్కలుగా కత్తిరించి సంచులకు అతికి అమ్ము వాడుక కలదు. అట్టివారు మీ తండాకు వచ్చినప్పుడు, ఆ గుడ్డ కుటుంబమునకు నమూనా పుస్తకము వంటిదని, అది పోయినచో కుట్టు మరల చూచి నేర్చుటకు ఆధారము ఉండదని ఇంటివారికి తెలియజెప్పుడు. కొత్తగా కుట్టి అమ్ముట మేలు. పాతదానిని కోయుట తగదు. మూడవది: వర్తకుడు పని ఇచ్చినచో చదరమునకు ఎంత, దారము ఎవరిది, డబ్బు ఎప్పుడు – ఈ మూడును కాగితముపై వ్రాయించుకొనవలెనని సంఘములకు సలహా ఇండు. నాలుగవది: గంటల లెక్క వ్రాయుటకు ప్రతి సంఘమున ఒక పుస్తకము పెట్టించుడు. అయిదవది: పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు, వేదాద్రికి జనము విశేషముగా వచ్చుదురు. అట్టిచోట్ల ఈ స్త్రీలకు ఒక అంగడి దొరకునట్లు పూనుకొనుడు.

మిల్లు దుప్పటి చౌక గదా, దీనిని కొనువారెవరని కొందరు అడుగవచ్చును. నిజమే. చౌకలో మిల్లుతో పోటీపడుట మన పని కాదు. అందుచేతనే మొదట దుప్పట్ల జోలికి పోక, ఒక్క చదరముతో అగు దిండు గలీబులు, సంచులు కుట్టించి చూచుట వివేకము. నాలుగు గంటల పనికి తగిన ధర వచ్చినదో లేదో వారము తిరుగకమునుపే తెలియును. రానిచో నష్టము స్వల్పము. వచ్చినచో పెద్ద పనికి ధైర్యము కలుగును.

పంచాయతీ సభ్యులారా! ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు, కట్టడములు అక్కరలేదు. పాత గుడ్డ మన యిండ్లలో ఉన్నది. సూది పట్టిన చేయి మన తండాలలో, మన పల్లెలలో ఇంకను ఉన్నది. ఆ చేతి కష్టమును కష్టముగా గుర్తించి, గంట గంటకు లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారము కూలి చేరునట్లు చూచుటయే మీ నుండి మేము కోరునది. మీ రాబోవు సమావేశపు చర్చనీయాంశములలో దీనికొక వరుస కేటాయింతురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.