మొలలేనని ఊరుకోవద్దు

 

మలంలో రక్తం పడితే మొలలేననుకుంటాం. సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పం. మన పేటలో ఒక పెద్దాయన ఏడాదిపాటు నాటుమందు వాడారు. చివరికి పురీషనాళ క్యాన్సరని తేలింది. డాక్టరు వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. అనుమానముంటే కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

జబ్బు ముదిరితే ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఇస్తారు. చాలామందికి వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు పడుతుంది. పలమనేరు నుంచి తిరుపతికో వేలూరుకో రోజూ తిరగడం రోగివల్ల కాదు. వైద్య సేవ కార్డు ఆసుపత్రి ఖర్చుకు ఆదుకున్నా గది అద్దె, తోడు వెళ్ళినవారి కూలి నష్టం మనవే. ఆపరేషన్ తర్వాత కొందరికి పొట్టకు సంచి తగిలించాలి. వాటినీ తరచూ కొనాలి.

సంచితో నమాజు చెల్లదేమోనని ఆ పెద్దాయన మానేశారు. అటువంటివారికి మినహాయింపు ఉందనీ, ప్రతి నమాజు వేళకు కొత్తగా వజూ చేసుకుంటే చాలనీ ఇమాంసాబ్ ఇంటికెళ్ళి చెప్పారు. మళ్ళీ మొదలుపెట్టారు.

మీ చందా ఒక రోగికి ఆ 5 వారాల గది అద్దె కావాలి. మీ మాట ఇంకొకరి సిగ్గు పోగొట్టాలి. ఈ రెండూ మేము అడుగుతున్నాం.