ఓడినవాళ్లే బాగు చేయించిన యుద్ధం బొమ్మ

ఈరోజు ఒకే ఒక్క బొమ్మ గురించి మాట్లాడుకుందాం.

మైసూరు టూర్‌కి వెళ్లినవాళ్లలో చాలామంది శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ బాగ్ చూసే ఉంటారు. అక్కడ పడమటి గోడ మీద పొల్లిలూరు యుద్ధం ఉంటుంది. నేనైతే ఫస్ట్ టైమ్ వెళ్లినప్పుడు ఒక సెల్ఫీ తీసుకుని బయటికొచ్చేశా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అసలు కథేంటంటే, 1780లో కల్నల్ బెయిలీ అనే ఈస్టిండియా కంపెనీ ఆఫీసర్ మన గుంటూరు వైపు నుంచి సైన్యంతో దక్షిణానికి బయల్దేరాడు. సెప్టెంబర్ 10న కాంచీపురం దగ్గర హైదర్ అలీ, టిప్పు చుట్టుముట్టారు. కంపెనీ మందుగుండు బండ్లు పేలిపోయాయి. బెయిలీ పట్టుబడ్డాడు, 1782లో శ్రీరంగపట్నం చెరలోనే చనిపోయాడు. ఆ గెలుపునే టిప్పు 1784లో గోడ మీద వేయించాడు. పల్లకీలో గాయపడిన బెయిలీ, చుట్టూ ఎర్రకోట్ల సైనికులు, మధ్యలో పేలుతున్న బండి... అన్నీ కనిపిస్తాయి.

మరి దీనికి స్పెషల్ గుర్తింపు ఇవ్వాలా? వద్దనేవాళ్ల దగ్గరా పాయింట్లున్నాయి. ఒకటి, ఇది గెలిచినవాడు గీయించుకున్న బొమ్మ, సాక్ష్యం కాదు. కరెక్టే. రెండు, ఇప్పుడు మనం చూసే రంగులు ఒరిజినల్ కాదు. ఇదీ కరెక్టే. 1799లో టిప్పు చనిపోయాక ఆ ప్యాలెస్‌లో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీ దీన్ని బాగు చేయించాడు. తర్వాత డల్హౌసీ టైమ్‌లో మళ్లీ రంగులేయించారు.

ఒక్క నిమిషం ఆగండి. ఓడిపోయినవాళ్లు తమ ఓటమి బొమ్మని సున్నం కొట్టి చెరిపేయొచ్చు కదా? కానీ రిపేర్ చేయించారు! నేను కోడ్ రాసే రోజుల్లో ఒక ఫైల్ ఎవరెవరి చేతుల్లో మారిందో హిస్టరీ చూస్తే అసలు కథ తెలిసేది. ఈ గోడ కూడా అంతే. ఆ మార్పులే దీని విలువ.

ఇదే యుద్ధం బొమ్మ, కాగితం మీద వేసింది, 2022లో లండన్ వేలంలో 6,30,000 పౌండ్లకి అమ్ముడైంది. గోడ మీదున్నది మాత్రం అమ్మకానికి రాదు, అది మనందరిది. శ్రీరంగపట్నం కట్టడాలు యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి, ఫైనల్ లిస్టులో ఇంకా లేవు.

నా తీర్పు: ఇవ్వాలి. కాకపోతే "జరిగింది ఇదే" అని కాదు, "గెలిచినవాళ్లు ఇలా చెప్పుకున్నారు, ఓడినవాళ్లు ఇలా దాచుకున్నారు" అని బోర్డు పెట్టి ఇవ్వాలి. మీరేమంటారు? ఈసారి వెళ్తే సెల్ఫీ తర్వాత, ముందు ఆ పల్లకీ ఎక్కడుందో వెతకండి. మళ్లీ కలుద్దాం, బై!