సుగ్గి నెలలు, సంఘం లెక్కలు
(ఉరుకుంద మహాజన సభలో చేసిన ప్రసంగం)



డేటా విశ్లేషణ అంటే కంప్యూటర్ ముందు కూర్చున్నోళ్ల పని అనుకుంటాము. పోయినేడు ఈ కార్తెకు వాన ఎంత పడిందో గుర్తు చేసుకుని పత్తి విత్తేది కూడా అదే పని. మన పుస్తకాల్లో పొదుపు, హాజరు, అప్పు, వాయిదా అన్నీ రాస్తున్నాము. రాసినదాన్ని తిరగేసి చూసేదే తక్కువ.

పది మంది సంఘానికి 3 లక్షల బ్యాంకు అప్పు వచ్చిందనుకోండి. తలకు 30,000 అని రిపోర్టులో పడుతుంది. పేర్ల వారీగా తీస్తే నలుగురు 60,000 చొప్పున, ఇద్దరు 30,000 చొప్పున తీసుకుని ఉండొచ్చు. మిగిలిన నలుగురికి ఏమీ రాలేదు. సరాసరి లెక్క తప్పు కాదు, కానీ ఆ నలుగురూ అందులో కనపడరు. వాళ్లు బయట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి నూటికి 60 రూపాయలు కట్టాలి.

ఇక మన ప్రాంతం సంగతి. కౌతాళం, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు, ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయేది మనకు తెలిసిందే. ఆ నెలల్లో హాజరు పడిపోతుంది, వాయిదా ఆలస్యమవుతుంది. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల రాత, ఈ పంచసూత్రాలను బట్టే సంఘాన్ని చూస్తారు. కంప్యూటరుకు సుగ్గి తెలీదు. ఊర్లోనే ఉండి రాని మనిషైనా, మిరప చేనులో ఉన్న మనిషైనా దానికి ఒకటే, గైర్హాజరు.

గ్రేడు పోతుందేమోనని పక్కనున్నామె సంతకం పెట్టే పద్ధతి ఎక్కడన్నా ఉంటే మానుకోవాలి. ఈ మాట మేము గట్టిగానే చెప్తున్నాము. గ్రేడు నిలబడుతుందేమో గానీ, సుగ్గి అనేదే పుస్తకంలో లేకుండా పోతుంది. రేపు బ్యాంకుకు పోయి, 'ఈ నెలలు వాయిదా తగ్గించండి, తిరిగొచ్చినాక ఎక్కువ కడతాము' అని అడిగేటప్పుడు ఏం చూపిస్తాము? గైర్హాజరు పక్కన 'సుగ్గి' అని రాయండి. పోయిన తేదీ, వచ్చిన తేదీ వేయండి. పిల్లలను వెంట తీసుకుపోయారా, సీజనల్ హాస్టల్లో ఉంచారా అనేది కూడా రాస్తే బడి గురించి అడిగేదానికి పనికొస్తుంది.

అందరి నెలలూ ఒకటి కాదు. శ్రావణ మాసంలో ఈరన్న స్వామి దర్శనానికి జనం వచ్చేటప్పుడు టెంకాయలు, బొరుగులు అమ్మే అక్కల చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వాళ్ల వాయిదా అప్పుడు ఎక్కువ పెట్టుకోవచ్చు. ఒక్క ఏడాది చూసి మాత్రం తీర్మానం చేయొద్దు. వానలు తప్పిన ఏడాదీ పండిన ఏడాదీ వేరు.

ఇంకొకటి. ఎవరికెంత అప్పుందనేది సంఘంలోనే ఉండాలి, అరుగుల మీదికి పోకూడదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరు అడిగినా చెప్పొద్దు.

వచ్చే సమావేశానికి ప్రతి సంఘమూ మూడేళ్ల హాజరు పుస్తకాలు తీసుకురండి. నెలకొక గడి గీసి, రాని ఒక్కొక్కరికి ఒక శనగ గింజ పెడదాము. ఏ నెలలో కుప్ప పడిందో చదువు రాని అక్కలకు కూడా కనపడుతుంది. అది చూసినాకే వాయిదాల తీర్మానం రాసుకుందాము.