ఆఖరి నిజాం



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1886లో పుట్టాడు. 1911లో గద్దె ఎక్కాడు. లోకంలోనే పెద్ద ధనవంతుడని పేరు. అయినా పాత బట్టలే తొడిగేవాడట!

మంచి పనులు చేయలేదా? చేశాడు. మంజీర మీద నిజాంసాగర్ కట్టించాడు. ఉస్మానియా యూనివర్సిటీ పెట్టాడు. కానీ అక్కడ చదువు ఉర్దూలో. కోర్టు కాగితం ఉర్దూలో. ఊర్లల్ల మాట్లాడేది తెలుగు! కాగితంలో ఏముందో రైతుకు తెల్వకపోయేది. ఎవరో చదివి చెప్తే నమ్మాలె. వేలిముద్ర వెయ్యాలె.

ఊరికి దొరే రాజు. ఆడోళ్లు గడీల వెట్టి చెయ్యాలె. వడ్లు దంచాలె, పిండి విసరాలె. కూలి లేదు. పసిపిల్లకు పాలియ్యపోవాలన్నా దొర ఒప్పుకోవాలె. రాజుకు తెల్వదా? తెలుసు. వెట్టి వద్దని హుకుం ఉండె, కాగితం మీద. గడీ దాకా అది రాలేదు.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం కలవనన్నాడు. రజాకార్లు ఊర్ల మీద పడ్డారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. మరుసటేడు జాగీర్లు రద్దయినయి. 1950 నుంచి 1956 దాకా ఆయన రాజప్రముఖ్‌గా ఉన్నాడు.

1967 ఫిబ్రవరి 24న చనిపోయాడు. హైదరాబాదులో కింగ్ కోఠి ఎదురుగా జూడీ మసీదు ఉంది. అక్కడ తల్లి సమాధి పక్కనే ఆయన్ను పెట్టారు.