మంచు టైర్లతో ఎడారి దారిలో



ఈమధ్య మా ఖోబర్‌లో ఒక పుట్టినరోజు విందులో బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే ఒక మిత్రుడు అడిగాడు. "జనవరిలో పిల్లల్ని తబూక్ తీసుకెళ్ళి జబల్ అల్ లౌజ్ మీద మంచు చూపిద్దామనుకుంటున్నాం. నువ్వు అమెరికాలో మంచులో కారు నడిపినవాడివి కదా, మా బండికి ఏ వింటర్ టైర్లు కొనమంటావు?" అని. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు, సౌదీలో వింటర్ టైర్లేమిటని. నేను నవ్వలేదు. మా ఆవిడైతే అసలే నవ్వలేదు. ఎందుకంటే సౌదీ అరేబియాలో వింటర్ టైర్ల మీద కాపురం చేసిన కుటుంబం మాది. ఆ సంగతే ఈ వేళ మీకు చెబుతాను.

నేను ఐటీ కన్సల్టెంటుని. మినియాపోలిస్‌లో ఎం.ఎస్. చదివేటప్పుడు రెండు చలికాలాలు ఒక పాత కారు నడిపాను. అక్కడ నవంబరు వచ్చిందంటే టైర్లు మార్చాలి. మామూలు టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. వింటర్ టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉండేలా కలుపుతారు, పైన సన్నటి గాట్లు చాలా పెడతారు. నిజమైన వింటర్ టైరుని గుర్తుపట్టడానికి పక్కగోడ మీద ఒక బొమ్మ ఉంటుంది: మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు. అమెరికా, కెనడాల్లో 1999 నుంచి ఈ గుర్తు వాడుతున్నారు. ఉత్త ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంటే చాలదు, ఈ కొండ బొమ్మ ఉండాలి. ఆ రోజుల్లో ఆ బొమ్మ కోసం నాలుగు షాపులు తిరిగి బేరమాడిన ఘనుణ్ణి నేను.

ఇక సౌదీకి వద్దాం. 2018 జూన్ 24న ఇక్కడ ఆడవాళ్ళకి డ్రైవింగు అనుమతి వచ్చింది. మా ఆవిడ మరుసటి సంవత్సరం లైసెన్సు తీసుకుంది. పిల్లల స్కూలు, సరుకులు, ఆసుపత్రి, ఇవన్నీ నా ఆఫీసు టైముతో కుదరక నానా అవస్థ పడుతున్న రోజులు. ఇంక ఆలోచించకుండా ఒక సెకండ్ హ్యాండు క్రాస్ఓవర్ కొన్నాం. ఉత్తర అమెరికా నుంచి దిగుమతి చేసిన బండి. అలాంటివి ఇక్కడ బోలెడు దొరుకుతాయి, ధర కూడా కాస్త తక్కువే. నేను ఇంజను చూశాను, ఏసీ చూశాను, కాగితాలు రెండుసార్లు చూశాను. టైర్ల దగ్గరికి వచ్చేసరికి గాడి లోతుగా ఉంది, చేత్తో నొక్కితే మెత్తగా ఉంది. "కొత్తవే, ఇంకో మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు అమ్మినాయన. డాష్‌బోర్డు మీద టైరు గాలి దీపం వెలుగుతూ ఉంటే, "అది సెన్సారు పాడైంది, ఏం కాదు" అన్నాడు. రోజంతా సాఫ్ట్‌వేరులో హెచ్చరికలు పట్టించుకోని వాళ్ళ మీద చిరాకు పడే నేను, ఆ దీపాన్ని పట్టించుకోలేదు.

జూన్ నెలాఖరులో రియాద్‌లో స్నేహితుల ఇంట అన్నప్రాశన. వెళ్ళేటప్పుడు రాత్రి వెళ్ళాం, ఏ ఇబ్బందీ లేదు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం పెట్టుకున్నాం. తప్పే, కానీ మర్నాడు ఆఫీసు. రియాద్ నుంచి దమ్మామ్ వైపు నాలుగు వందల కిలోమీటర్లు, తిన్నగా గీత గీసినట్టుండే రోడ్డు. కారు థర్మామీటరు 46 చూపిస్తోంది. గాలే 46 అంటే, కింద తారు అరవై దాటి ఉంటుంది. సగం దూరంలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. నేను టీకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా ఆవిడ, ఒక ట్రెయిలరు డ్రైవరు మా వెనక చక్రం దగ్గర వంగి చూస్తున్నారు.

ఆయనది ఆర్మూరు వైపు. సౌదీ వచ్చి పద్దెనిమిదేళ్ళట. అందులో ఆరేళ్ళు బన్షర్‌లో పనిచేశాడు. కొత్తగా వచ్చిన వాళ్ళకి చెబుతున్నాను, ఇక్కడ పంక్చరు షాపుని బన్షర్ అంటారు. టైరు 'కఫర్', రిమ్ము 'జంట్'. ఈ మూడు మాటలూ వస్తే సగం అరబ్బీ వచ్చినట్టే.

"తమ్మీ, ఈ కఫర్లు యాడికెల్లి తెచ్చినవ్? గుట్ట మీద మంచుపువ్వు బొమ్మ ఉన్నది సూడు. ఇవి ఇక్కడియి గావు" అన్నాడాయన. చేత్తో రుద్దితే రబ్బరు పొడి, స్కూలు పిల్లలు కాగితం మీద రబ్బరు రుద్దితే రాలినట్టు, రాలింది. పక్కగోడ ఒకచోట చిన్న బుడిపె. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. "ఇంటికెళ్ళాక చూపిస్తాలే అన్నా" అని తేల్చేశాను. ఆయన నాతో వాదించలేదు. డ్రైవింగు సీటులో కూర్చుంటున్న మా ఆవిడతో చెప్పాడు. "చెల్లె, మెల్లగ పో. పగిలిందంటే బ్రేకు తొక్కకు. స్టీరింగు గట్టిగ పట్టుకో, యాక్సిలేటరు మీదికెల్లి కాలు తియ్యి. బండి దానంతట అదే ఆగుతది."

మా ఆవిడ తొంభై దాటకుండా నడిపింది. నేను వేళాకోళం చేశాను కూడా. యాభై కిలోమీటర్లు వెళ్ళామో లేదో, వెనక కుడి టైరు లక్ష్మీబాంబులా పేలింది. బండి కుడికి లాగింది. నేను "బ్రేక్, బ్రేక్!" అని అరిచాను. ఆవిడ తొక్కలేదు. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకుని, కాలు తీసేసి, వేగం తగ్గాక పక్కకి తెచ్చి ఆపింది. మా బండిని రాసుకుంటూ ఒక లారీ హారను కొడుతూ పోయింది. చిన్నవాడు నిద్రలేచి "నాన్నా, ఊరొచ్చిందా?" అన్నాడు. నా మాట విని ఆవిడ బ్రేకు తొక్కి ఉంటే ఏమయ్యేదో ఇన్నేళ్ళయినా ఆలోచించడానికి ఇష్టపడను.

స్టెప్నీ వేశాను. అది సన్నటి తాత్కాలిక చక్రం, 80 దాటకూడదు. ఊడిన టైరుని డిక్కీలో పడేస్తూ అప్పుడు చూశాను కొండ బొమ్మని. "మినియాపోలిస్‌లో దీని కోసమే కదా నాలుగు షాపులు తిరిగానన్నావు?" అంది మా ఆవిడ. ఆ రోజుకి ఆవిడ అన్నది ఆ ఒక్క మాటే.

తరవాత వారం రోజులు నేను చేసిన పని చదవడమే. వింటర్ టైరు కాబట్టే పేలింది అని చెబితే అది సగం నిజం. మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద అటూ ఇటూ నలిగి త్వరగా అరుగుతుంది, బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. పేలడానికి ఇంకో మూడు తోడయ్యాయి: వయసు, తక్కువ గాలి, నిండు బరువు. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా టైరు మీద 3511 అని ఉంది. అంటే 2011లో 35వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఎనిమిదేళ్ళ రబ్బరు. ఆరేళ్ళు దాటితే మార్చమని చాలా కార్ల కంపెనీలే చెబుతాయి. ఇక గాలి దీపం. అమెరికాలో ఆ దీపం, గాలి ఉండవలసినదానికన్నా పాతిక శాతం తగ్గితే వెలగాలని చట్టం. 33 పీఎస్ఐ ఉండవలసిన చోట పాతిక లోపు ఉందన్నమాట. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది. బయటి ఎండ దానికి తోడు.

ఆ దీపం చట్టం వెనక కథ మన సౌదీని తాకుతూ వెళుతుందని అప్పుడే తెలిసింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే కుటుంబాల బండికి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పొర ఊడిపోయి బళ్ళు పల్టీలు కొట్టిన గొడవ కొందరికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. అక్కడ 270 మందికి పైగా చనిపోయారు. కానీ అంతకు ఏడాది ముందే, 1999లో, ఫోర్డ్ కంపెనీ సౌదీలో ఆ టైర్లు మార్చడం మొదలుపెట్టింది. ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్ఐ, టైరు కంపెనీ ఆ తరవాత చెప్పింది 30. ఆ తగవు తరవాత వచ్చిన చట్టం వల్లే 2008 మోడలు నుంచి అమెరికా కార్లన్నిటికీ ఆ దీపం తప్పనిసరి అయింది. అంతమంది ప్రాణాల మీద వచ్చిన దీపాన్ని నేను సెన్సారు పాడైందని వదిలేశాను.

సరే, కొత్తవి ఎలా ఎంచుకున్నానో చెబుతాను. మా బండి సైజు 225/65 ఆర్ 17. దాని పక్కన 102 హెచ్ అని ఉంటుంది. 102 అంటే ఒక్కో టైరు 850 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది. "నేను 120లో పోతాను, నాకు 210 ఎందుకు?" అనకండి. వేగం అక్షరం నిజానికి వేడి తట్టుకునే శక్తికి కొలత. పైగా 2018 నుంచి ఇక్కడ కొన్ని హైవేల మీద పరిమితి 140. దాంతోపాటు టెంపరేచర్ అని రాసి ఏ, బి, సి అని గ్రేడు ఉంటుంది. ఏ తప్ప ఇంకోటి వద్దు. అన్నట్టు, అసలు వింటర్ టైర్లకి ఆ గ్రేడులే ఉండనక్కర్లేదు. సెకండ్ హ్యాండు బండి కొనేటప్పుడు టైరు మీద ఆ గ్రేడు కనబడకపోతే కొండ బొమ్మ కోసం వెతకండి.

షాపులో నాలుగు 20 అంగుళాల నల్లటి జంట్లు చూపించి ఊరించారు. బండి పెళ్ళికొడుకులా ఉంటుందట. నేను కాగితం తీసి లెక్క వేశాను. 17 అంగుళాల టైరుకి పక్కగోడ ఎత్తు 146 మిల్లీమీటర్లు. అదే వ్యాసం రావాలంటే 20 అంగుళాల రిమ్ముకి 245/45 టైరు వెయ్యాలి, పక్కగోడ 110 మిల్లీమీటర్లే. మన కాలనీల్లో స్పీడుబ్రేకర్లు తగిలితే దెబ్బ నేరుగా రిమ్ముకే. చలికాలంలో థుమామా ఇసుకలోకి పిక్నిక్‌కి వెళ్ళి గాలి దించుదామన్నా అంత సన్నటి గోడతో దించడానికి ఏముంటుంది? టైరు ఖరీదు కూడా ఎక్కువే. కంపెనీ రిమ్ములే ఉంచాను. రిమ్ములు మార్చేవాళ్ళు బోల్టుల సంఖ్య ఒక్కటే చూసుకోకండి, బోల్టుల మధ్య దూరం, మధ్య రంధ్రం కొలత, రిమ్ము లోపలికీ బయటికీ ఎంత జరిగి కూర్చుంటుందో, అన్నీ కలవాలి. బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ బిగించుకోండి.

గాలి విషయం కాస్త నిదానంగా వినండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరులో ఉంటుంది. టైరు మీద రాసి ఉన్నది గరిష్ఠం, అది కాదు. పది డిగ్రీలు పెరిగితే గాలి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ పెరుగుతుంది, ప్రయాణంలో ఇంకాస్త. మధ్యాహ్నం హైవే మీద కొలిచి "అమ్మో 39 ఉంది" అని దించేశారనుకోండి, అది చల్లారాక తక్కువ గాలి అవుతుంది, మర్నాడు ఆ తక్కువతోనే వేడెక్కుతుంది. వేడి టైరు గాలి దించకూడదు. ఇసుకలో పదిహేను, పద్దెనిమిదికి దించినవాళ్ళు తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ కొట్టించుకోవాలి. "బన్షర్ పది కిలోమీటర్లే, మెల్లగా పోదాం" అని 120లో పోయేవాళ్ళని నేనే చూశాను. వేసవి సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు బండి నలభై రోజులు ఎండలో నిలబడి ఉంటుంది, గాలి కొంత పోతుంది. తిరిగొచ్చిన రోజున, నిద్రమత్తులో, ఆవకాయ జాడీలు అట్టపెట్టెలతో సహా ఎక్కించి హైవే ఎక్కకండి. ముందు గాలి చూడండి.

ఇక తబూక్ మిత్రుడి ప్రశ్న. జబల్ అల్ లౌజ్ రెండున్నర వేల మీటర్ల పైచిలుకు కొండ, చలికాలంలో మంచు పడే మాట నిజమే. పడేది కొద్ది రోజులు. మా ఊరి నుంచి పదిహేను వందల కిలోమీటర్లకు పైనే పొడి తారు మీద వెళ్ళి, చివరి అయిదారు కిలోమీటర్ల కోసం వింటర్ టైర్లు వేసుకోవడం, వర్షం కోసం ఏడాది పొడుగునా రెయిన్‌కోటు తొడుక్కుని నిద్రపోవడం లాంటిది. మంచి ఆల్ సీజన్ టైర్లతో వెళ్ళు, రోడ్డు మీద మంచు కనబడితే బండి కిందే ఆపి పిల్లల్ని నడిపించుకుని వెళ్ళు, పోలీసులు దారి మూస్తే గొడవపడకుండా వెనక్కి వచ్చెయ్యి అన్నాను. అతను కొంచెం నిరాశపడ్డాడు. "పోనీ నా టైర్లు ఎలా ఉన్నాయో చూడు" అన్నాడు.

బిర్యానీ ప్లేట్లు పక్కన పెట్టి పార్కింగుకి దిగాం. మొబైలు టార్చి వేసి అతను ముందు టైరు చూపించాడు, పాలిష్ కొట్టించి తళతళలాడుతోంది. మా ఆవిడ చెయ్యి జాపి టార్చి తీసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వంగి, పక్కగోడ చుట్టూ తిప్పి నాలుగంకెలు పట్టుకుంది. 1817. "అన్నయ్యగారూ, ఇది 2017లో పద్దెనిమిదో వారం. రేపు శుక్రవారం, బన్షర్‌లు సాయంత్రం నాలుగింటికి తీస్తారు" అంది. అతను అక్కడికక్కడే భార్యకి ఫోను చేసి, మర్నాడు వెళ్ళాలనుకున్న బహ్రెయిన్ ప్రయాణం వాయిదా వేశాడు.