ఇంట్లోనూ ఒప్పందం కావాలి
(కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అప్పట్నుంచి చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి, రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలెన్నో. అలసట, అప్పు, తాగుడు, వాటితో జగడం. ఆ జగడం మధ్య పిల్లవాడు గిన్నెలు విసురుతాడు, బడి ఎగ్గొడతాడు. "నీ పెంపకమే" అని ఒకరం, "నీ తాగుడే" అని ఇంకొకరం. చివరికి దెబ్బలు వాడికే. దెబ్బతో బెదురు పెరుగుతుందే గాని బుద్ధి రాదు.

వాడి ముందు పోట్లాడుకోవద్దు. తల్లి కాదన్నదాన్ని తండ్రి అవునని ఇవ్వొద్దు. మంచిగా ఉన్న రోజు మెచ్చుకుందాం. అయినా తగ్గకపోతే బెంగుళూరు నిమ్హాన్స్‌లో పిల్లల వైద్యులున్నారు. 14416కు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు.

యాజమాన్యంతోనే కూర్చుని ఒప్పందం చేసుకునేవాళ్లం, మన బిడ్డ కోసం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోలేమా?